ముఖంలో సగం

వైద్య పత్రికల్లో స్ప్లిట్-ఫేస్ స్టడీ అని ఒక రకం పరిశోధన కనబడుతుంది. మనిషి ఒకరే, ముఖం ఒకటే. కుడి చెంపకి ఒక చికిత్స, ఎడమ చెంపకి ఇంకొకటి. కొన్ని నెలలయ్యాక ఏ చెంప ఎంత బాగుపడిందో కొలుస్తారు. వయసూ, వంశమూ, తిండీ, నిద్రా రెండు చెంపలకీ ఒకటే కాబట్టి తేడా ఏదన్నా కనబడితే అది చికిత్స వల్ల వచ్చిందే అనుకోవచ్చు. ఒకే నవలకి వచ్చిన రెండు అనువాదాల్ని పక్కపక్కన పెట్టుకుని చదివే పిచ్చి ఉన్నవాణ్ణి కావడంతో, ఈ పద్ధతి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. ఆ వెంటనే ఇంకో అనుమానం కూడా వచ్చింది. తక్కువ బాగుపడ్డ చెంప సంగతేంటి? పరీక్ష అయిపోయాక ఆ మనిషి అలాగే ఇంటికెళ్ళిపోతాడా?

నేను ఈ కాగితాల జోలికి వెళ్ళడానికి కారణం ఒక ధరల కార్డు. మొటిమలు నాకు ఇంటర్‌లో మొదలై ఇంజనీరింగ్ అయ్యేదాకా ఉన్నాయి. పోతూ పోతూ రెండు చెంపల మీదా, కణతల దగ్గరా గుంటలు వదిలిపోయాయి. చాలాకాలం గడ్డం వాటి సంగతి చూసుకుంది. పోయినేడు, ముప్పై నాలుగేళ్ళ వయసులో, హైదరాబాద్‌లో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరుని చూడకముందే ఒక కౌన్సిలర్ కూచోబెట్టి కార్డు చేతిలో పెట్టింది. అడుగున మైక్రోనీడ్లింగ్, సిటింగ్‌కి 4,000. దానిమీద కలుపుకోగలిగినవి వరసగా: విటమిన్ సి, హయలురోనిక్ యాసిడ్, పీఆర్పీ, గ్రోత్ ఫ్యాక్టర్ సీరమ్, ఎక్సోసోమ్స్. ప్లెయిన్ దోసె మీద వెన్న, కారప్పొడి, ఉప్మా అన్నట్టు. చివరిదానికి ధర దోసె ధర కంటే మూడు రెట్లు ఎక్కువ.

"బేసిక్ తీసుకుంటారా సర్, అడ్వాన్స్‌డ్ తీసుకుంటారా?" అని అడిగిందావిడ.

బేసిక్ అనే మాటలో ఒక ఎత్తుగడ ఉంది. అది వినగానే ముప్పై నాలుగేళ్ళ మనిషికి కూడా వెనకబడిపోయినట్టు అనిపిస్తుంది. ఆలోచించి చెప్తానని కార్డు జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ తర్వాతి రెండు వారాలూ ఆఫీసయ్యాక నా పని ఆ కార్డుని సమీక్షించడమే.

అడుగున ఉన్న దోసె సంగతి ముందు చూడాలి. మచ్చని సూదులతో పొడిస్తే అది మెత్తబడుతుందన్న సంగతి ఒక విధంగా పక్కదారిలో దొరికింది. 1997లో కెనడాకి చెందిన కామిరాండ్, డూసే అనే ఇద్దరు, రంగు లేకుండా ఖాళీ టాటూ మెషీన్‌తో మచ్చల్ని పొడవడం గురించి రాశారు. అంతకుముందు తెల్లబడ్డ మచ్చల్లో చర్మం రంగు నింపితే, కొన్నాళ్ళకి ఆ రంగు పోయినా మచ్చ మాత్రం మెరుగ్గా కనబడింది. మేలు చేసింది రంగు కాదు, సూదేనన్నమాట. ఆ ఆలోచనని రోలర్ రూపంలోకి తెచ్చిన పేరు ఎక్కువగా దక్షిణాఫ్రికా ప్లాస్టిక్ సర్జన్ డెస్ ఫెర్నాండెస్‌కి దక్కింది. మొటిమల గుంటలకి ఈ రోజుల్లో మామూలుగా వాడేది మిల్లీమీటరున్నర పొడవు సూదులు. మత్తు క్రీము రాసి ముప్పావుగంటో గంటో ఆగి, ముఖమంతా సన్నటి రక్తపు చుక్కలు పొడిచేదాకా నడుపుతారు. శరీరం దాన్ని గాయమనుకుంటుంది. గాయానికి చేసే మరమ్మతంతా చేస్తుంది: ముందు ప్లేట్‌లెట్లు, తర్వాత వాపు, ఆ తర్వాత నెలల తరబడి కొత్త కొలాజెన్. పై పొరని లేజర్‌లా ఊడబెరకదు కాబట్టి, మనలాంటి చామనచాయ చర్మాల మీద నల్లమచ్చలు మిగిల్చే ప్రమాదం తక్కువ. మన దేశంలో ఇది ఇంతగా పాతుకుపోవడానికి అదీ, ఖర్చు తక్కువ కావడమూ కారణాలు. 2009లో శ్రీనగర్ నుంచి ఇమ్రాన్ మజీద్ రాసిన పేపర్ ఒకటుంది. 36 మందిలో 34 మందికి మచ్చల తీవ్రత ఒకటో రెండో మెట్లు దిగింది. అందులో వాడింది రోలరొక్కటే. యాడ్-ఆన్‌లు లేవు. ఆ కౌన్సిలర్ బేసిక్ అన్నది దీన్నే.

ఇక పీఆర్పీ. ప్లేట్‌లెట్లంటే ఏంటో మనవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రతి వానాకాలం డెంగీ వచ్చినప్పుడల్లా వీధిలో సగం ఇళ్ళలో అదే లెక్క నడుస్తుంది: నిన్న ఎనభై వేలు, ఇవాళ అరవై, బొప్పాయాకు రసం పోశారా లేదా. మామూలు మనిషికి మైక్రోలీటర్ రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. పీఆర్పీ అంటే మన రక్తాన్నే పది ఇరవై మిల్లీలీటర్లు తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు బాగా చిక్కబడ్డ లేత పసుపు ద్రవాన్ని తిరిగి ముఖానికి ఎక్కించడం. ప్లేట్‌లెట్ల సంచుల్లో గాయం మానడానికి పనికొచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లుంటాయి కాబట్టి, అవి ఎక్కువుంటే మరమ్మతు ఎక్కువ జరగాలన్నది తర్కం. తర్కంలో తప్పేమీ లేదు. కానీ సూది గుచ్చినప్పుడు వచ్చిన ఆ రక్తపు చుక్కల్లోనూ ఇవే ప్లేట్‌లెట్లున్నాయి. అంటే పీఆర్పీ చేసేది కొత్త పని కాదు, జరుగుతున్న పనికి ఇంకొంతమంది కూలీలని పంపడం.

ఎంతమంది, ఎంత పని? దీనికి అందరూ చూపించేది 2016లో ఆసిఫ్, కనోడియా, సింగ్ అనే ముగ్గురు ప్రచురించిన పేపర్. 50 మంది. అందరికీ రెండు చెంపలకీ మైక్రోనీడ్లింగ్. కుడివైపు పీఆర్పీ, ఎడమవైపు డిస్టిల్డ్ వాటర్. ఫలితం: పీఆర్పీ వైపు 62.20 శాతం మెరుగు, నీళ్ళ వైపు 45.84 శాతం. ఈ రెండు అంకెల్లో బ్రోచర్లకి పనికొచ్చేది మొదటిది. నాకు మాత్రం రెండోదే ఎక్కువ చెప్పింది. ఉత్త సూదీ నీళ్ళూ కలిసి నలభై ఆరు శాతం దగ్గరికి తీసుకొచ్చాయి. పీఆర్పీ సొంత సంపాదన మిగతా పదహారు. పదహారు తక్కువేం కాదు, తీసిపారేయను. కానీ కార్డు మీద పీఆర్పీ ధర 3,000. సూది ధరలో ముప్పాతిక భాగం పెట్టి, సూది తెచ్చినదాంట్లో మూడోవంతు కొంటున్నామన్నమాట. పైగా ఈ పేపర్లో ఎప్పుడూ కుడివైపే పీఆర్పీ. ఏ వైపుకి ఏది అన్నది చీటీ తీసి నిర్ణయించింది కాదు. మనకి స్టీరింగ్ కుడివైపుంటుంది, కారు నడిపేవాడి కుడి చెంపకే కిటికీ ఎండ ఎక్కువ తగులుతుంది. ఇంత చిన్నదీ లెక్కలోకి రావాలా అంటే, ముఖాన్ని సగం చేసి కొలిచేటప్పుడు రావాలనే అంటాను.

విటమిన్ సి గురించి ఎక్కువమంది ఎత్తిచూపేది 2014లో వచ్చిన చావ్లా పేపర్. ఇందులో ఒకవైపు సూదితో పీఆర్పీ, ఇంకోవైపు సూదితో విటమిన్ సి. చివరిదాకా ఉన్నవాళ్ళు 27 మంది. 'ఎక్సలెంట్' అని మార్కు పడింది పీఆర్పీ వైపు 18.5 శాతానికి, విటమిన్ సి వైపు 7 శాతానికి. శాతాల్లో చూస్తే రెండున్నర రెట్ల తేడా. మనుషుల్లో లెక్కేస్తే అయిదుగురూ, ఇద్దరూ. ముగ్గురు మనుషుల తేడా! మా టీములో ఎవరైనా 27 మంది యూజర్ల మీద ఏ-బీ టెస్ట్ చేసి ఇది గెలిచింది అంటే నవ్వుతాం. పరిశోధకుల్ని నవ్వుకోవడం లేదు, ఒక ఊళ్ళో ఒక డాక్టరు ఇంతమందిని నెలల తరబడి రప్పించడం ఎంత కష్టమో ఊహించగలను. నవ్వొచ్చేది ఆ అంకె ప్రయాణించే తీరుకి. పత్రికలో 'అయిదుగురు' అని ఉన్నది ప్రకటనలోకొచ్చేసరికి 'రెండున్నర రెట్లు' అయిపోతుంది. ఈ పేపర్లో ఉత్త సూది ఊసే లేదన్నది ఇంకోటి. రెండు యాడ్-ఆన్‌లని ఒకదానితో ఒకటి పోల్చారు గానీ, ఏదీ లేకపోతే ఏమయ్యేదో అందులో దొరకదు. విటమిన్ సి వల్ల నల్లమచ్చల రంగు తగ్గడం మాత్రం గమనించారు. గుంటలు కాక రంగే అసలు బాధైనవాళ్ళకి అది పనికొచ్చే మాటే.

అయితే విటమిన్ సి మీద ఇంకో కాగితం కూడా చదవాలి. అదే 2014లో ఒక అమెరికన్ చర్మవైద్య పత్రికలో ముగ్గురు ఆడవాళ్ళ కథ వచ్చింది. సూదులు గుచ్చేటప్పుడు రాసిన వాటి వల్ల ముఖమంతా గ్రాన్యులోమాలు, అంటే గట్టి ఎర్రటి గడ్డలు లేచాయి. చర్మం పైన రాసుకోవడానికి చేసిన వస్తువుని చర్మం లోపలికి దించితే అది వేరే వస్తువైపోతుంది. రోజూ అద్దం ముందు రాసుకునే సీసానే తెచ్చి ఇక్కడ పోస్తానంటే, వద్దనే చెప్పాలి.

ఎక్సోసోమ్స్ గురించి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఉన్నదే తక్కువ. 2020లో కొరియా నుంచి 25 మంది మీద ఒక స్ప్లిట్-ఫేస్ పరీక్ష వచ్చింది. ఎక్సోసోమ్స్ వైపు 32.5 శాతం, రెండోవైపు 19.9. బాగానే ఉంది. కానీ అది మైక్రోనీడ్లింగ్‌తో చేసింది కాదు, కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో చేసింది. అమెరికా ఎఫ్‌డీఏ ఇంతవరకూ ఏ ఎక్సోసోమ్ ఉత్పత్తినీ చికిత్సకి ఆమోదించలేదు. ఆ దేశంలో జనాన్ని వీటి గురించి హెచ్చరించింది కూడా. కార్డులో అన్నిటికంటే ఖరీదైన గడికి ఆధారం అన్నిటికంటే తక్కువ. అది కాకతాళీయం అని నేననుకోను.

ఇవన్నీ చదువుతున్న రోజుల్లో అమ్మ ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావంటే చెప్పాను.

"మగపిల్లాడివి, నీకెందుకురా ఇవన్నీ? అప్పుడే చెప్పా, చెయ్యి పెట్టొద్దూ, నూనె సరుకు తినొద్దూ అని."

పద్దెనిమిదేళ్ళుగా ఆ వాక్యం మారలేదు. మా అమ్మమ్మ ముఖం నిండా స్ఫోటకం గుంటలుండేవి. చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళో పడుకుని వేలితో వాటిని లెక్కపెట్టేవాణ్ణి, ఆవిడ నవ్వేది. అడిగితే "అమ్మవారు పోసింది నాన్నా" అనేది, అంతే. అందులో ఎవరి తప్పూ లేదు. వచ్చింది, కొందరిని తీసుకుపోయింది, కొందరి ముఖం మీద సంతకం పెట్టి వదిలేసింది. 1975 తర్వాత మన దేశంలో ఆ సంతకం ఆగిపోయింది. దాంతోపాటే గుంటలున్న ముఖానికి ఉన్న ఆ వివరణా పోయింది. ఇప్పుడు ఎవరి ముఖం మీదన్నా గుంట ఉంటే అది వాళ్ళ అశ్రద్ధ, వాళ్ళ తిండి, వాళ్ళ గోళ్ళు. వారసత్వంగా వచ్చే తీవ్రమైన మొటిమలకి గోళ్ళతో పెద్ద పని లేదని అమ్మకి చెప్పి చూశాను. "సర్లే, ఎంతవుతుందేంటి?" అంది. చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు.

మన కథల్లోనూ అంతే. గుంటల ముఖం పాత్రకి పేరు పెట్టకముందే తీర్పు చెప్పేస్తుంది: వడ్డీవ్యాపారి, రౌడీ, పోలీసు. హీరోకి ఉంటే గింటే కనుబొమ్మ మీద ఒక కత్తిగాటు. గుంటలు ఉండవు. ఈ సంగతి మీద విడిగా ఒక వ్యాసం రాయాలని చాన్నాళ్ళుగా ఉంది, ఇక్కడ ఆపేస్తాను.

నేను ఆ తర్వాత వెళ్ళింది వేరే డాక్టరు దగ్గరికి. కార్డూ కౌన్సిలరూ లేని చిన్న క్లినిక్. ఆవిడ చేసిన మొదటి పని గదిలో ట్యూబులైటు ఆర్పేయడం. టేబుల్ ల్యాంపు పక్కనుంచి పెట్టి, చేతిలో అద్దం ఇచ్చి, నా చెంపని రెండు వేళ్ళతో సాగదీశారు. చెంప మీద పెద్దవిగా, అలల్లా ఉన్న గుంటలు చాలావరకు మాయమయ్యాయి. కణత దగ్గర సూది పోట్లలా ఉన్నవి అలాగే నిలబడ్డాయి.

"చూశారా? మీకున్నవి ఒక రకం కాదండీ, రెండు రకాలు. అన్నిటికీ ఒకటే మందు ఎలా పనిచేస్తుంది?"

నేను చదివిన కాగితాలన్నిట్లోనూ ఈ వర్గీకరణ ఉంది. 2001 నుంచీ వాడుకలో ఉన్నదే: లోతుగా సన్నగా దిగిన ఐస్‌పిక్, అంచులు నిలువుగా ఉండే బాక్స్‌కార్, అలల్లా వాలుగా ఉండే రోలింగ్. చదివాను గానీ అది నా కార్డుని ఏం చేస్తుందో ఆ రెండు వేళ్ళు చూపించేదాకా నాకు పూర్తిగా అర్థం కాలేదు. రోలింగ్ మచ్చలో గుంట పైన లేదు. అడుగున గట్టిపడ్డ తీగలు చర్మాన్ని కిందికి లాగి పట్టుకున్నాయి. సాగదీస్తే ఆ లాగుడు కాసేపు కనబడకుండా పోతుంది. ఆ తీగల్ని తెంపకుండా పైన ఎంత కొలాజెన్ పెంచినా లాగేది లాగుతూనే ఉంటుంది. ఐస్‌పిక్‌ది ఇంకో బాధ. దాని అడుగు మిల్లీమీటరున్నర సూదికి అందదు. మజీద్ పేపర్లో కూడా సన్నటి గుంటలకి ఫలితం ఓ మాదిరిగానే వచ్చింది. అందని చోటికి ప్లేట్‌లెట్లు పంపినా, విటమిన్ పంపినా ఒకటే. సర్వర్ నెమ్మదిగా ఉందని మెమరీ పెంచుకుంటూ పోతాం, తీరా చూస్తే జబ్బు క్వెరీలో ఉంటుంది. ఇదీ అలాంటిదే.

ఆ జబ్బుకి తగిన యాడ్-ఆన్‌లు ఉన్నాయి, నా జేబులో కార్డు మీద లేవంతే. తీగలకి సబ్సిషన్. 1995లో ఒరెంట్రైక్‌లు ఇద్దరు ఆ పేరు పెట్టారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అంచు పదునున్న సూదిని చర్మం కింద అడ్డంగా దూర్చి, అటూ ఇటూ ఆడించి తీగల్ని తెంపడం. నొప్పి అంతగా తెలీదు గానీ ఎముకలోంచి చెవికి చప్పుడు వినబడుతుంది, టక్‌మని, తడి నారని తెంపినట్టు. తెగిన చోట చేరిన రక్తమే కొన్నాళ్ళు చర్మాన్ని పైకెత్తి పట్టుకుంటుంది. వారం పది రోజులు చెంప కమిలి ఉంటుంది. ఐస్‌పిక్‌లకి గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌ని పుల్లమొనతో గుంట అడుగుకి మాత్రమే ముట్టించడం. 2002లో కొరియా వైద్యులు 65, 100 శాతం గాఢతల్లో వాడి దీనికి క్రాస్ అని పేరు పెట్టారు. ముట్టించగానే గుంట తెల్లగా మంచు పట్టినట్టవుతుంది, తర్వాత చెక్కు కడుతుంది. మన చర్మానికి నల్లబడే ప్రమాదం ఉంది కాబట్టి ఎండ విషయంలో కచ్చితంగా ఉండాలి.

ఈ రెంటికీ ఆధారం ఎలా ఉందో కూడా అదే కళ్ళతో చూడాలి కదా. 2014లో గార్గ్, బవేజా సబ్సిషన్, మైక్రోనీడ్లింగ్, 15 శాతం యాసిడ్ పీల్ మూడూ కలిపి 49 మందికి చేశారు. అన్నిటికంటే తీవ్రమైన నాలుగో గ్రేడ్ మచ్చలున్న 16 మందిలో పదిమంది రెండో గ్రేడ్‌కి, మిగతా ఆరుగురు మూడో గ్రేడ్‌కి వచ్చారు. రెండో గ్రేడ్‌తో మొదలైన 11 మందికీ మచ్చలే మిగల్లేదు. వినడానికి పీఆర్పీ పదహారు శాతం కంటే ఎంతో ఘనంగా ఉంది. కానీ ఇందులో రెండో చెంప లేదు. మూడు పనులు కలిపి చేశారు, ఏది ఎంత చేసిందో విడదీయలేం. పోలిక బాగా కుదిరిన పేపర్లు చిన్న ప్రశ్న అడుగుతున్నాయి. పెద్ద ప్రశ్న అడిగినదాంట్లో పోలిక లేదు. 2016లో కాక్రేన్ వాళ్ళు మొటిమల మచ్చల చికిత్సల మీద 24 పరీక్షల్ని జల్లెడ పట్టి, దేని మీదా గట్టి ఆధారం లేదని తేల్చారు. నచ్చిన పక్షానికి ఒక కొలబద్ద, నచ్చనిదానికి ఇంకోటి పెట్టలేను. నేను సబ్సిషన్ వైపు మొగ్గింది అంకెల వల్ల కాదు, అది ఏ భాగాన్ని సరిచేస్తుందో వేలితో చూపించగలిగారు కాబట్టి. పీఆర్పీ విషయంలో అలా చూపించగలిగిన చోటు నా ముఖం మీద దొరకలేదు. మచ్చలన్నీ పైపైన ఉన్నవాళ్ళకి, తొందరగా మానాలనుకునేవాళ్ళకి ఈ తక్కెడ అటు మొగ్గినా ఆశ్చర్యపోను.

ఒక్కటి మాత్రం బేరం లేనిది. మన ముఖానికి వాడిన సూదులు మనతోనే పోవాలి, సీలు మన కళ్ళముందు తెరవాలి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పా 2018లో మూతపడింది. అక్కడ పీఆర్పీతో మైక్రోనీడ్లింగ్ చేయించుకున్న ఆడవాళ్ళకి హెచ్ఐవీ సోకిన వైనం సీడీసీ 2024లో వివరంగా రాసింది. రక్తం తీసి, తిప్పి, మళ్ళీ ఎక్కించే ప్రతి అదనపు మెట్టులోనూ సీసా మీద పేరు తారుమారయ్యే అవకాశం ఒకటి ఉంటుంది. ధరల కార్డులో ఆ గడి ఉండదు.

ఇప్పటికి రెండుసార్లు సబ్సిషన్, మూడుసార్లు మైక్రోనీడ్లింగ్ అయ్యాయి. పీఆర్పీ మాట రెండో సిటింగ్‌లో నేనే ఎత్తాను. "కావాలంటే చేస్తానండీ, వచ్చే డబ్బు వద్దంటానా. ముందు ఆ తీగలు తెగనివ్వండి," అన్నారు డాక్టరుగారు. ఫొటోలు ఆవిడ తీస్తున్నారు, నేనూ తీసుకుంటున్నాను: ఉదయం ఎనిమిదింటికి, కిటికీ పక్కన, గడ్డం గీసుకున్న రోజున, నవ్వకుండా. ప్రకటనల్లో ముందు ఫొటోకి పక్క వెలుతురూ తర్వాతి ఫొటోకి ఎదురు వెలుతురూ ఉంటాయని కనిపెట్టాక, ఈ నియమం నాకు నేనే పెట్టుకున్నాను. కుడి చెంప అలలు పక్క వెలుతుర్లో కూడా సగానికి తగ్గాయి. ఎడమవైపు అంతకంటే కొంచెం తక్కువ. ఎడమ కణత దగ్గర రెండు ఐస్‌పిక్‌లు రెండుసార్లు యాసిడ్ పడ్డా అలాగే ఉన్నాయి. ఎండలు ముదరకముందే వాటికి ఇంకో చుక్క వేద్దామన్నారు.